‘జీన్ కెల్లీ పక్కన కొత్తమ్మాయి’ అంటే ఊరుకోను: లెస్లీ కారాన్ గురించి మాట్లాడుకుందాం

గోదారిగట్టు
నిన్న రాత్రి ఇంకో గ్రూపులో గొడవ పడొచ్చా. 1951లో వచ్చిన హాలీవుడ్ డాన్స్ సినిమా ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’ మీద ఒకాయన పెద్ద పోస్టు పెట్టాడు, హీరో జీన్ కెల్లీ గురించి పది పేరాలు, గెర్ష్విన్ సంగీతం గురించి నాలుగు, హీరోయిన్ దగ్గరికొచ్చేసరికి ‘కెల్లీ పక్కన కొత్తమ్మాయి చక్కగా చేసింది’ అని ఒక్క లైను. పేరు కూడా రాయలేదు. లెస్లీ కారాన్ అయ్యా ఆవిడ పేరు అంటే, ‘ఒక్క సినిమా హీరోయిన్ కదా, తర్వాత ఏం చేసింది’ అని అడిగాడు. రెండు ఆస్కార్ నామినేషన్లు, బ్రిటన్ వాళ్ళ సినిమా అవార్డులు బాఫ్టాలు రెండు, డెబ్భై ఆరేళ్ళ వయసులో టీవీ అవార్డు ఎమ్మీ... ఒక్క సినిమానా? నిద్ర పట్టలేదు నాకు. మీలో ఆవిడ సినిమాలు చూసినవాళ్ళు ఎంతమంది? ఇంకో డౌటు కూడా ఉంది, బ్యాలే వదిలేసి సినిమాల్లోకి రావడం వల్ల ఆవిడకి లాభమా నష్టమా? నాకు తేలట్లేదు.

రీల్‌పిచ్చి_77
ఒక్క సినిమానా అన్నాడా? ఆయనకి ‘జీజీ’ చూపించు. 1958లో వచ్చి తొమ్మిది నామినేషన్లకి తొమ్మిది ఆస్కార్లూ కొట్టిన సినిమా, టైటిల్ రోల్ ఆవిడదే.

కోనసీమకొబ్బరి
తొమ్మిదిలో ఆవిడకి ఒక్కటీ రాలేదుగా, కనీసం నామినేషన్ కూడా లేదు. అదే నా కోపం.

విశాఖ_వాసు
ఎవరీవిడ, నేను వినలేదు. మొదట్నుంచీ ఎవరన్నా చెప్పండి.

గోదారిగట్టు
చెప్తా వాసూ. 1931 జూలై 1న పారిస్‌ని ఆనుకుని ఉన్న బులోన్‌లో పుట్టింది. నాన్న ఫ్రెంచ్, కెమిస్టు. అమ్మ మార్గరెట్ పెటిట్ అమెరికన్, బ్రాడ్వేలో డాన్సర్. అమ్మ వదిలేసిన డాన్స్ కూతురి చేత చేయించాలనుకుంది. జర్మన్లు పారిస్‌లోకి దిగేనాటికి పిల్లకి తొమ్మిదేళ్ళు నిండుతున్నాయి, నాలుగేళ్ళు ఆ ఆక్రమణలోనే పెరిగింది, రేషను తిండి, చలి. ఆ వయసులో సరిగ్గా తిండి లేకపోవడం ఆవిడ ఒంటిని చాలాకాలం వెంటాడింది, ఆ సంగతి ముందు ముందు వస్తుంది. పారిస్ కన్సర్వేటరీలో బ్యాలే నేర్చుకుంది, పదహారేళ్ళ వయసుకల్లా రోలాఁ పెతీ నడిపిస్తున్న షాంజెలిజే బ్యాలే కంపెనీలో చేరింది. 1948లో గ్రీకు పురాణంలోని ఈడిపస్ కథ మీద ‘లా రాంకోంత్ర్’ అని ఒక బ్యాలే వేశారు, కొరియోగ్రఫీ డేవిడ్ లిషీన్, అందులో స్ఫింక్స్, అంటే పొడుపుకథలడిగే వింత జీవి, ఈ పిల్లే. హాల్లో ఆ రాత్రి జీన్ కెల్లీ ఉన్నాడు. ఆట అయ్యాక స్టేజీ వెనక్కి వెళ్ళి వెతికితే అప్పటికే ఇంటికెళ్ళిపోయిందట.

పాతబస్తీ_పిల్ల
అయ్యో గట్లెట్ల పోయింది! పొద్దున లేచినంక తెలిస్తే ఎట్లుండెనో.

రీల్‌పిచ్చి_77
అక్కడే తమాషా. రెండేళ్ళకి ఎం.జి.ఎం. స్టూడియో వాళ్ళు ఈ సినిమాకి హీరోయిన్ కోసం వెతుకుతుంటే కెల్లీకి ఆ స్ఫింక్స్ పిల్ల గుర్తొచ్చింది. అసలు ముందు అనుకున్నది డాన్సర్ సిడ్ చరీస్‌ని, ఆవిడకి కడుపొచ్చింది. కెల్లీ పారిస్ వచ్చి టెస్టు చేసి సెలెక్ట్ చేశాడు. పిల్ల అమ్మని తీసుకుని కాలిఫోర్నియా బయల్దేరింది, పంతొమ్మిదేళ్ళు. ఇంకోటి తెలుసా, పారిస్ పిల్లని పారిస్ కథ కోసం తెచ్చారు కానీ వీధులు, కేఫులు, సేన్ నది గట్టు దాదాపు అంతా కాలిఫోర్నియాలోనే, కల్వర్ సిటీ స్టూడియోలో వేసిన సెట్లే.

కోనసీమకొబ్బరి
జుట్టు కథ చెప్పలేదేంటి. షూటింగ్ మొదలయ్యే ముందు ఎవర్నీ అడక్కుండా తనే కత్తెర తీసుకుని మగపిల్లాడిలా కత్తిరించేసుకుంది. పారిస్‌లో అప్పుడదే కొత్త స్టైలు. స్టూడియోలో అందరికీ గుండె ఆగినంత పనైంది, కాస్త పెరిగేదాకా కొన్ని వారాలు ఆవిడ సీన్లు ఆపుకుని కూర్చున్నారు.

విశాఖ_వాసు
మా చెల్లి పెళ్ళికి నెల ముందు ఇదే పని చేసింది 😀 ఫోటోగ్రాఫర్‌ని మార్చమంది కానీ జుట్టు మాత్రం మార్చనంది.

సినిమాశీను
గట్టు గారూ, మీ రెండో డౌటుకి నా జవాబు: నష్టమే. పంతొమ్మిదేళ్ళంటే బ్యాలేలో అప్పుడే అసలు పంట చేతికొచ్చే వయసు. అలాంటి టైములో కంపెనీ వదిలి స్టూడియో కాంట్రాక్టులో పడితే రోజూ క్లాసు ఉండదు, స్టేజీ ఉండదు. అదే పెతీ దగ్గర చేసిన డాన్సర్ జిజీ జాన్‌మెర్‌ని చూడండి (‘జీజీ’ సినిమాకీ ఈ పేరుకీ సంబంధం లేదు). 1949లో పెతీ బ్యాలే ‘కార్మెన్’తో లండన్‌ని ఊపేసింది, 1952లో డానీ కే పక్కన హాలీవుడ్ సినిమా చేసింది, మళ్ళీ స్టేజీకొచ్చి పారిస్ మ్యూజిక్ హాళ్ళలో దశాబ్దాలపాటు మహారాణిలా బతికింది. డాన్సరంటే అలా ఉండాలి. కారాన్ మంచి నటే, కాదనను, కానీ డాన్సర్‌గా సగంలో ఆగిపోయింది.

గజ్జెలటీచర్
శీను గారితో నేను ఒప్పుకోను. ముప్పై ఏళ్ళుగా కూచిపూడి చెప్తున్నాను, ఆ అనుభవంతో చెప్తున్నా. డాన్స్ ఆగిపోవడం అంటే స్టేజీ ఎక్కకపోవడం కాదండీ. మీరు ఆ 1951 సినిమాలో మొదట్లో వచ్చే పరిచయం చూడండి. ఆ అమ్మాయి ఎలాంటిదో ఇద్దరు మగవాళ్ళు మాట్లాడుకుంటుంటే ఒక్కో మాటకీ ఒక్కో రంగు గదిలో, ఒక్కో బట్టలో, ఒక్కో నడకలో ఆవిడ కనిపిస్తుంది. సిగ్గరిదంటే ఒకలా, చదువరి అంటే పుస్తకం పట్టుకుని ఒకలా, హుషారంటే చార్లెస్టన్ డాన్స్. పాట ట్యూన్ ఒకటే, వాయించే తీరు మారుతుంటుంది. మన భాషలో చెప్పాలంటే ఒకే పల్లవికి ఆరేడు సంచారాలు. నోరు విప్పి ఒక్క మాట అనకముందే పాత్ర మొత్తం మనకి తెలిసిపోతుంది. అది డాన్సర్ చేసే నటన, మామూలు నటికి రాదు.

సినిమాశీను
టీచర్ గారూ ఆ సీను నాకూ ఇష్టమే. కానీ అది మొదటి సినిమా. తర్వాత?

డల్లాస్_నాన్న
తర్వాత సంగతి తర్వాత, డాన్సర్ ఒళ్ళంటే ఏంటో మా ఇంట్లో చూస్తున్నా, చెప్పనివ్వండి. మా అమ్మాయి ఏడేళ్ళ నుంచి బ్యాలే, పోయినేడాది పాయింట్ షూస్, అంటే వేళ్ళ కొసల మీద నిలబడే బూట్లు, ఇచ్చారు. నేను అందులో చెక్కో ఇనుమో ఉంటుందనుకునేవాణ్ణి, విప్పి చూస్తే గుడ్డ, కాగితం, జిగురు, పొరలు పొరలుగా అతికించి ఎండబెట్టిన డబ్బా. దాని మీద ఒళ్ళంతా మోపి నిలబడాలి. కొత్తవి కొనగానే వంచి, నేలకేసి కొట్టి, మెత్తబెట్టి, రిబ్బన్లు తనే కుట్టుకుంటుంది. ఒక్కో జత ఎనభై, తొంభై డాలర్లు మాకు, అది కొన్ని వారాలే. బొటనవేళ్ళు చూస్తే మా ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. మా పిల్లకి కడుపునిండా తిండి ఉంది, ఫిజియో ఉన్నాడు. యుద్ధంలో రేషను తిండి తిన్న పిల్ల ఇది చేసిందంటే నాకు చేతులెత్తి దండం పెట్టాలనిపిస్తుంది.

గోదారిగట్టు
నాన్నగారు మంచి మాట అన్నారు. నేను ముందు చెప్తానన్నది ఇదే. ఆ సినిమా షూటింగులో ఆవిడ తొందరగా నీరసపడిపోయేది, రోజు విడిచి రోజు పనిచేయించాల్సొచ్చింది. చివర్లో వచ్చే ఆ బ్యాలే దాదాపు 17 నిమిషాలు, మాట అన్నది ఉండదు, డ్యూఫీ, యుట్రిల్లో, రూసో, వాన్ గో, తులూజ్ లోత్రెక్ లాంటి పెయింటర్లు వేసిన బొమ్మల్లోకి దూరి డాన్స్ చేసినట్టు సెట్లు. తెర మీద చూస్తే ఆ నీరసం ఎక్కడా కనపడదు. ఫౌంటెన్ దగ్గర ఆ నెమ్మది డాన్స్ ఒక్కటి చూడండి చాలు.

పాతబస్తీ_పిల్ల
నిన్ననే చూసిన గది. పొగలో, నీలం రంగుల ఇద్దరు. నేనైతే ఊపిరి ఆపుకొని చూసిన అన్నా.

విశాఖ_వాసు
చూశా ఇప్పుడే. అవును కానీ కెల్లీ వయసెంత? పెద్దాయనలా ఉన్నాడు.

రీల్‌పిచ్చి_77
కెల్లీ 1912, ఆవిడ 1931, పంతొమ్మిదేళ్ళ తేడా. ఇదే ఎక్కువనుకుంటే 1955లో ‘డాడీ లాంగ్ లెగ్స్’లో ఫ్రెడ్ ఆస్టేర్, 1899లో పుట్టాడు. 1964లో ‘ఫాదర్ గూస్’లో కేరీ గ్రాంట్, 1904. లెక్కలు మీరే వేసుకోండి.

కోనసీమకొబ్బరి
లెక్కలు వేయడం మనకి కొత్తా, మన హీరోల మీద రోజూ వేస్తూనే ఉన్నాంగా 😂

గజ్జెలటీచర్
‘డాడీ లాంగ్ లెగ్స్’ అనగానే గుర్తొచ్చింది, శీను గారికి ఇదే నా జవాబు. అందులో బ్యాలే కట్టింది ఎవరనుకున్నారు? రోలాఁ పెతీయే. అదే ఏడాది వచ్చిన సిండ్రెల్లా కథ ‘ద గ్లాస్ స్లిప్పర్’లో కూడా ఆయనే. గురువుని వదిలి వెళ్ళిపోయిందన్నారు, నాలుగేళ్ళకి ఆ గురువే వెతుక్కుంటూ వచ్చి ఆమెకి బ్యాలే కట్టాడు. ఇంక వదిలేసింది ఎక్కడ?

సినిమాశీను
ఇది నాకు తెలీదు టీచర్ గారూ. ఒక పాయింటు మీకే. అయినా 1955 తర్వాత?

రీల్‌పిచ్చి_77
1955 కంటే ముందు 1953 దగ్గర ఆగాలి శీనూ, ‘లిలీ’. నా దృష్టిలో ఆవిడ అసలు పుట్టింది ఆ సినిమాలోనే. దిక్కులేని పదహారేళ్ళ పిల్ల ఒక సంత ఆటల బృందంలో చేరుతుంది, బతకాలని లేక మెట్లెక్కి పోతుంటే బొమ్మలాట తెర మీంచి బొమ్మలు పలకరిస్తాయి. క్యారట్ టాప్ అని కుర్రాడు, రెనార్డో అని జిత్తుల నక్క, మార్గరీట్ అని టెక్కుల అమ్మాయి, గోలో అని సిగ్గరి రాక్షసుడు. తెర వెనక మనిషి ఉన్నాడని ఆ పిల్లకి తెలుసు కదా, అయినా ఆ బొమ్మలతో నిజం మనుషులతో మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఆడించేవాడు మెల్ ఫెరర్, యుద్ధంలో కాలు దెబ్బతిని డాన్స్ మానేసిన కుంటి డాన్సర్, మనుషులతో మాట్లాడ్డం రాదు, బొమ్మల నోటితోనే తన మనసు చెప్తాడు. ‘హై లిలీ హై లో’ పాట అందులోదే, పాడింది కారాన్, ఫెరర్ ఇద్దరే. ఆ నటనకే మొదటి ఆస్కార్ నామినేషన్, బ్రిటన్‌లో బాఫ్టా ఇచ్చేశారు.

గోదారిగట్టు
ఆస్కార్ ‘రోమన్ హాలిడే’కి ఆడ్రీ హెప్‌బర్న్ కొట్టుకెళ్ళింది ఆ ఏడాది. చిత్రమేంటంటే ఆడ్రీ కూడా బ్యాలే నేర్చుకున్న పిల్లే, ఆవిడదీ యుద్ధంలో ఆకలిగడుపు బాల్యమే, హాలండ్‌లో. అంతేకాదు, బ్రాడ్వేలో 1951లో ‘జీజీ’ నాటకం వేసింది ఆడ్రీ, సినిమాలో వేసింది కారాన్.

డల్లాస్_నాన్న
లిలీ మా పిల్లలతో చూశాం. చివర్లో బొమ్మలన్నీ నిలువెత్తు మనుషులై ఆవిడతో డాన్స్ చేస్తూ ఒక్కొక్కరే ఆ మొగుడిగా... సారీ, మొగుడు కాదు, ఆ బొమ్మలాయనగా మారిపోతారు. మా చిన్నోడు ‘నాన్నా బొమ్మలు ఎక్కడికెళ్ళాయి’ అని ఒకటే ఏడుపు. మా నాన్నగారి ఊళ్ళో తోలుబొమ్మలాట చూసి పెరిగిన నాకు మాత్రం ఆ దీపం వెనక మనిషే గుర్తొచ్చాడు.

పాతబస్తీ_పిల్ల
జీజీ మీద నాకొక కోపం ఉంది, చెప్తున్న, తిట్టకుండ్రి. సెట్లు బాగున్నయ్, పాటలు బాగున్నయ్, కానీ కథ ఏంది? ఒక పిల్లకి నాయనమ్మ, ఇంకో ముసలామె కూసొని డబ్బున్నోళ్ళని ఎట్ల పట్టుకోవాలె, ఏ చుట్ట ఎట్ల ఎంచాలె, ఏ నగ అసలుది అని పాఠాలు చెప్తుంటరు. గా పిల్లని ఉంపుడుగత్తె చేసుడు కోసం. మళ్ళ ముసలాయన ‘చిన్న ఆడపిల్లలు ఉన్నందుకు దేవుడికి థాంక్స్’ అని పాట. నాకు కడుపుల దేవినట్లయింది.

కోనసీమకొబ్బరి
అమ్మమ్మ, నాయనమ్మ కాదు. మిగతాదంతా నిజమే. మన దగ్గరా ఇలాంటి ఇళ్ళ కథలు ఉన్నాయిగా, కొత్తేం కాదు.

గజ్జెలటీచర్
కొబ్బరి గారూ, ఆ పోలిక జాగ్రత్తగా చేద్దాం. కళావంతుల ఆడవాళ్ళు శతాబ్దాలపాటు సంగీతం, నాట్యం కాపాడారు, వాళ్ళకి విద్య ముందు. జీజీ పెద్దవాళ్ళు నేర్పేది విద్య కాదు, బేరం. పారిస్‌లో దగ్గరి పోలిక కావాలంటే బ్యాలే చరిత్రలోనే ఉంది. 19వ శతాబ్దంలో పారిస్ ఒపెరాలో డబ్బున్న చందాదారుల్ని డాన్సర్లు ఒళ్ళు సర్దుకునే వెనక హాల్లోకి రానిచ్చేవాళ్ళు, పేదింటి పిల్లల చుట్టూ తిరిగేవాళ్ళు ఆ పెద్దమనుషులు. పెయింటర్ దెగా వేసిన బొమ్మల్లో నల్లకోట్లు వేసుకుని పక్కన నిలబడేది వాళ్ళే. కథ రాసిన కొలెట్ ఆ లోకాన్ని దగ్గర్నుంచి చూసిన మనిషి, తనే స్టేజీ మీద పనిచేసింది. పిల్ల గారి కోపం న్యాయమైనదే, కానీ కథలో ఆ బేరానికి కాదని చెప్పేది ఆ పిల్లేనని మర్చిపోవద్దు.

పాతబస్తీ_పిల్ల
అది ఒప్పుకుంట టీచరమ్మా. ఆమె ‘వద్దు’ అనే సీన్ల మొఖం చూస్తే ఏడుపొచ్చింది నాకు. పాట మాత్రం ఒప్పుకోను.

రీల్‌పిచ్చి_77
జీజీలో పాటలు ఆవిడ గొంతు కాదు, తెలుసుగా? బెట్టీ వాండ్ పాడింది. తనే పాడాలని కారాన్ ఆశపడింది, ఒప్పుకోలేదు.

విశాఖ_వాసు
లిలీలో పాడిన మనిషి గొంతు జీజీకి పనికిరాలేదా! మన హీరోయిన్లకి డబ్బింగ్ చెప్పినట్టే అన్నమాట.

గోదారిగట్టు
సరిగ్గా అదే వాసూ. ఇక్కడ ఇంకో ముక్క. సినిమాకి రెండేళ్ళ ముందే, 1956లో, లండన్ స్టేజీ మీద జీజీగా ఆవిడ నాటకం వేసింది, డైరెక్టర్ పీటర్ హాల్. ఆ ఏడాదే ఆయన్ని పెళ్ళి చేసుకుంది, ఇద్దరు పిల్లలు. ఆ పాత్ర ఆవిడ ఒంట్లో అంతగా ఇంకిపోయాక సినిమా చేసింది. సినిమాలో జీజీ పరిగెత్తుకుంటూ వచ్చే మొదటి షాట్‌లో పదిహేనేళ్ళ పిల్లలాగే ఉంటుంది, అప్పటికి ఆవిడకి ఇరవై ఆరు, తల్లి కూడా అయింది.

సినిమాశీను
పెళ్ళిళ్ళ సంగతి వచ్చింది కాబట్టి, మూడు కదా? విడాకుల కేసులో ఎవరో పెద్ద హీరో పేరు కూడా...

గోదారిగట్టు
శీనూ, మూడే. ఆ కేసు గురించి వెయ్యి చోట్ల రాశారు. ఆవిడ పని గురించే ఎక్కడా లేదు, అందుకే ఈ థ్రెడ్ పెట్టా. దయచేసి అటు పోవద్దు.

సినిమాశీను
సరే, వదిలేశా. న్యాయమే.

కోనసీమకొబ్బరి
శీను ‘1955 తర్వాత?’ అని అడిగాడుగా, నా వంతు. ‘ది ఎల్ షేప్డ్ రూమ్’, 1962, బ్రయన్ ఫోర్బ్స్. నలుపు తెలుపు. పాట లేదు, డాన్స్ లేదు, ఎం.జి.ఎం. రంగులు లేవు. పెళ్ళి కాకుండా కడుపుతో ఉన్న ఒక ఫ్రెంచ్ అమ్మాయి, లండన్‌లో నాటింగ్ హిల్ వైపు నల్లులు పట్టిన అద్దె గది. నవలలో ఆ పిల్ల ఇంగ్లీషుదే, ఆవిడ కోసం ఫ్రెంచ్ చేశారు. డాక్టరు దగ్గరికి వెళ్తుంది, కడుపు తీయించుకోవడానికే వచ్చిందని ఆయనే అనేసుకుని రేటు మాట్లాడేస్తాడు. ఆ అనుకోవడమే ఆ పిల్లకి మండుతుంది, ఆ కోపంలోనే బిడ్డని ఉంచుకోవాలని నిశ్చయించుకుంటుంది. ఆ సీను నేను మూడుసార్లు వెనక్కి తిప్పి చూశా. నా స్నేహితురాలు ఒకామె ఇలాంటి పరిస్థితిలో ఒక క్లినిక్‌లో ఇలాగే కూర్చుంది, పక్కన నేనున్నా, ఆ డాక్టరు కూడా తలెత్తి చూడకుండానే మాట్లాడాడు. అరవై ఏళ్ళ నాటి సినిమాలో అదే కుర్చీ, అదే గొంతు. రెండో ఆస్కార్ నామినేషన్, రెండో బాఫ్టా, గోల్డెన్ గ్లోబ్ దీనికే.

పాతబస్తీ_పిల్ల
అక్కా... మీ ఫ్రెండ్ మంచిగున్నదా ఇప్పుడు?

కోనసీమకొబ్బరి
బాగుందమ్మా. కొడుక్కి పదకొండేళ్ళు.

గజ్జెలటీచర్
ఆ సినిమాలో ఇంకోటి గమనించండి. మెట్లు ఎక్కుతుంటుంది కదా ఆ గదికి, పై అంతస్తు దాకా. నెలలు నిండే కొద్దీ ఆ ఎక్కడం మారుతుంది. వీపు, మెడ, రెయిలింగ్ పట్టుకునే చెయ్యి. డాన్సర్ ఒంటి బరువు ఎక్కడుందో ప్రతి క్షణం తెలుసుకుంటూ బతుకుతుంది. బ్యాలేలో నేర్పేదే బరువు లేనట్టు పైకి లేవడం, మన కూచిపూడిలో అరమండిలో కూర్చుని నేలకి దగ్గరవడం. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడ్డప్పుడు నాకు తెలిసేది కూడా బరువే. జీవితమంతా గాల్లోకి లేవడం నేర్చుకున్న మనిషి ఇక్కడ బరువుని నటించింది. శీను గారూ, ఇదీ నేను చెప్పేది, డాన్స్ ఎక్కడికీ పోలేదు.

సినిమాశీను
టీచర్ గారూ ఇది ఒప్పుకుంటున్నా, మనస్ఫూర్తిగా. కానీ ఒక్క మాట, స్టేజీ మీద ఆవిడ పాతికేళ్ళప్పుడు ‘జిజెల్’ లాంటి పెద్ద బ్యాలే చేస్తే ఎలా ఉండేదో మనం ఎప్పటికీ చూడలేం. ఆ బాధ నాకు పోదు.

గజ్జెలటీచర్
ఆ బాధ నాకూ ఉందండీ. అది మాత్రం కాదనను.

రీల్‌పిచ్చి_77
తర్వాతవి గబగబా చెప్తా, లిస్టు కాదు, నచ్చినవే. 1961లో ‘ఫానీ’, మార్సేయ్ రేవులో తీశారు, షార్ల్ బ్వాయే, మోరీస్ షెవాలియే ఉన్నారు. 1977లో ఫ్రెంచ్ డైరెక్టర్ ట్రూఫో సినిమా ‘లోమ్ కి ఎమే లే ఫామ్’, అందులో ఒకే ఒక్క సీను, పాత ప్రియుడు అనుకోకుండా ఎదురవుతాడు, కాసేపు మాట్లాడుకుంటారు, అంతే. సినిమా మొత్తంలో నాకు గుర్తున్నది ఆ ఒక్క సీనే. 2000లో ‘షోకోలా’లో ఊళ్ళో ముసలి విధవరాలిగా. ఇక 2007లో అమెరికన్ టీవీలో ‘లా అండ్ ఆర్డర్: స్పెషల్ విక్టిమ్స్ యూనిట్’ పోలీసు సీరియల్ ఒక ఎపిసోడ్‌కి ఎమ్మీ, ఎన్నో ఏళ్ళ కిందట తన మీద జరిగిన అత్యాచారం గురించి ఇప్పుడు నోరు విప్పే ముసలావిడ. ఆ ఎపిసోడ్ చూశాక ఎం.జి.ఎం. వాళ్ళు ఈవిడకి పదేళ్ళపాటు చిన్నపిల్ల వేషాలే ఎందుకిచ్చారా అని కోపమొచ్చింది.

విశాఖ_వాసు
మధ్యలో పెద్ద గ్యాప్ ఉందే, 80లు, 90లు?

గోదారిగట్టు
వేషాలు తగ్గాయి. డిప్రెషన్, తాగుడు, వాటిలోంచి బయటపడ్డం, అన్నీ 2009లో వచ్చిన ఆత్మకథలో దాచుకోకుండా రాసింది. ఆ మధ్యలో ఒక పని చేసింది, నాకు చాలా ఇష్టం. పారిస్‌కి దక్షిణంగా బర్గండీలో యోన్ నది ఒడ్డున విల్‌నవ్ సుర్ యోన్ అని చిన్న ఊరు. అక్కడ పాడుబడ్డ పాత ఇళ్ళు కొని బాగుచేయించి 1993లో సత్రంలాంటి హోటలు, రెస్టారెంటు తెరిచింది. 2009 దాకా నడిపింది. పేరుకి అర్థం ‘గుడ్లగూబల కిటికీ’.

కోనసీమకొబ్బరి
గుడ్లగూబ పేరు మీద హోటలా! మా అమ్మ అయితే గుమ్మం కూడా తొక్కదు 😂

పాతబస్తీ_పిల్ల
నేను పోత. నదిలోకి చూసుకుంట కాఫీ తాగుత.

డల్లాస్_నాన్న
మా అమ్మాయికి ఈ థ్రెడ్ తెలుగులో చదివి వినిపించా. తను అడిగిన ప్రశ్న: ‘ఆవిడ ముసలయ్యాక కూడా డాన్స్ చేసిందా?’ ఎవరన్నా చెప్పగలరా?

గోదారిగట్టు
2010లో పారిస్ షాట్లే థియేటర్‌లో ‘ఎ లిటిల్ నైట్ మ్యూజిక్’ అనే మ్యూజికల్‌లో ముసలి మదాం ఆర్మ్‌ఫెల్ట్ వేసింది. చక్రాల కుర్చీలో కూర్చునే వేషం. కానీ పాట ఉంది, ఈసారి సొంత గొంతుతోనే పాడింది, డెబ్భై ఎనిమిదేళ్ళకి. మీ అమ్మాయికి చెప్పండి.

డల్లాస్_నాన్న
చెప్పా. ‘కుర్చీలో కూర్చుని కూడా మెడ అలాగే పెట్టుకుని ఉంటుంది, పందెం’ అంటోంది.

గజ్జెలటీచర్
పందెం మీ అమ్మాయే గెలుస్తుంది. ఆదివారం మా క్లాసు పిల్లలకి ‘లిలీ’ వేస్తున్నా, సాయంత్రం ఆరింటికి, మా మేడ మీద. కాకినాడ చుట్టుపక్కల ఉన్నవాళ్ళు రండి, ఒక దుప్పటి తెచ్చుకోండి, మంచు పడుతోంది.

సినిమాశీను
నేనొస్తున్నా టీచర్ గారూ. ప్రొజెక్టర్ నాది తెస్తా.